దిష్టి తీసే వేళ

బనగానపల్లె నుంచి కర్నూలు పోయే బస్సులో, మాటలు రాని నా ఏడేళ్ళ కూతురు కిటికీ ఊచకు నుదురు కొట్టుకుంటోంది. అప్పటికి మూడేళ్ళుగా అదే పని. అడ్డం పెట్టిన నా అరచేయి వాచిపోయింది. దర్గాలో తాయెత్తు కట్టించమని వెనక సీటులోంచి ఎవరో సలహా ఇచ్చారు. అదీ అయిందని చెప్పే ఓపిక నాకు లేదు.

పక్కన కూర్చున్న బురఖా పెద్దావిడ మాత్రం వేరే సంగతి అడిగింది.

"ఇంట్లో కొట్టుకునే ముందర ఏం జరుగుతాదమ్మా?"

"ఏమీ లేదు. నేను పనిలో ఉంటా. అది ఒక్కతే ఆడుకుంటా ఉంటాది."

"కొట్టుకున్యాక?"

"ఒళ్ళో కూసోబెట్టుకుని ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీస్తా. ఇంట్లో అందరూ చుట్టూ చేరతారు."



"నా కొడుకు చెయ్యి కొరుక్కుంటాండె. ముందర ఏమైంది, తర్వాత ఏమైంది, రోజూ రాయమనె డాక్టరమ్మ. నెల రాసినాక తెలిసింది. మిక్సీ తిరిగితే కొరుక్కుంటాడు, ఆపితే మానుకుంటాడు. మీ పాపది అది కాదు. ముందర ఏం లేదు, ఉండేదంతా తర్వాతే." నా కూతురి జుట్టు సరిచేస్తూ మెల్లగా అడిగింది. "ఊరికే ఉన్నప్పుడు ఒళ్ళో కూసోబెట్టుకుంటావా?"

ఆవిడ బేతంచెర్లలో దిగిపోయింది.

ఇప్పటికీ రోజూ దిష్టి తీస్తాను. పాప నెమ్మదిగా కూర్చుని చింతగింజలు పేర్చుకుంటున్నప్పుడు, పొయ్యి మీద కూర దించేసి వెళ్ళి తీస్తాను.