రొట్టెలో సగం నాది

ఈ రోజు పొద్దున మొగులమ్మ మా గుమ్మం ముందు నిలబడింది. కరువులో ఇల్లు పోయి, రెండేళ్లు స్టేషన్ దగ్గరి సరాయిలో, నిలువ నీడ లేనివాళ్లుండే పాత సత్రంలో, తలదాచుకున్న మనిషి. పోయిన ఏడాదే మా గల్లీ చివర గుడిసె వేసుకుంది. ఆమె నోరు తెరవకముందే నేను లోపలికెళ్లి, రాత్రి మిగిలిన జొన్నరొట్టె తెచ్చి చేతిలో పెట్టాను. సరాయి మనిషి ఇంకెందుకు వస్తుందనుకున్నాను.

ఆమె రొట్టెను కొంగున కట్టుకుంది.

"రొట్టె తర్వాత తింట పంతులమ్మా. గల్లీ బావి పూడిక తీస్తున్నం. ఇంటికొకరు రావాలె. మీ ఇంట్ల ఎవరొస్తరు?" అంది.

మా ఆయన ఊళ్లో లేరు. నేనే వెళ్లాను. ఒకప్పుడు మొగులమ్మతో పాటు సరాయిలో ఉన్న నలుగురు అప్పటికే బావిలో దిగి బురదను తట్టలకెత్తుతున్నారు. "సరాయోళ్లకు పని చేతనైతదా" అని పోయిన వారమే అన్న ఎదురింటి వకీలు గారు, మధ్యాహ్నానికి మొగులమ్మ చెప్పినట్టల్లా తాడు లాగుతున్నారు.

నీళ్లు ఊరాక అందరం నీడకు కూర్చున్నాం. మొగులమ్మ కొంగు విప్పి, నేనిచ్చిన రొట్టెనే తుంచి సగం నాకిచ్చింది.

"తినున్రి పంతులమ్మా. ఇయ్యాల మస్తు కష్టం చేసిన్రు."

ఇన్నేళ్లుగా బడిలో పిల్లలను మెచ్చుకుంటున్న నన్ను ఇంత బాగా మెచ్చుకున్నవారు లేరు. అరచేతులు బొబ్బలెక్కి కలం సరిగ్గా నిలవడం లేదు. అయినా గర్వంగా రాస్తున్నాను, మొగులమ్మది మా గల్లీ. మీ గుమ్మంలో ఎవరైనా నిలబడితే, ఎందుకొచ్చారని ముందు అడుగుతారా, నాలాగే రొట్టె కోసం లోపలికి పరుగెడతారా?