‘ముందు మన మీద’ గారు

అధ్యక్షుడు గారికి ఉన్నది ఒకటే పిచ్చి. పిల్లలకు నేర్పే పద్ధతి ఏదైనా సరే, దాన్ని ముందు పెద్దవాళ్ల మీద చేసి చూడందే సంఘం ముద్ర వేయనివ్వరు. ఎవరైనా ఎంతో కష్టపడి కొత్త ప్రతిపాదన రాసి తెచ్చి బల్ల మీద పెడితే, చివరి పేజీ దాకా ఓపిగ్గా చదివి, "బాగుందండీ. ముందు మన మీద చేసి చూద్దాం" అంటారు. ఆ మాట వినగానే కార్యవర్గ సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. అందుకే ఆయనకు ‘ముందు మన మీద’ గారు అని పేరొచ్చింది. అసలు పేరు లెటర్‌హెడ్ మీద చూస్తే తప్ప ఎవరికీ గుర్తురాదు.

సంఘమంటే బిహేవియర్ అనలిస్టుల సంఘం. ఆటిజం ఉన్న పిల్లలకు మాట్లాడటం, చదవడం, పళ్లు తోముకోవడం, బస్సెక్కడం లాంటివన్నీ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి నేర్పేవాళ్లు వీళ్లు. పిల్లవాడు అరిస్తే, అరవకముందు ఏం జరిగింది, అరిచాక వాడికేం దొరికింది అని ఆరా తీయడం వీళ్ల వృత్తి. లోకంలో అందరి ప్రవర్తనకూ కారణం చెప్పగలిగిన ఇంతమంది కలిసి కూడా, తమ అధ్యక్షుడు ఎందుకిలా చేస్తాడో మాత్రం చెప్పలేకపోయారు.

సంఘం ఆఫీసు ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన ఉండేది. కింద డాక్టరు మిషను గుయ్యిమన్నప్పుడల్లా పైన చర్చ ఆగిపోయేది. బొమ్మల కార్డుల ప్రయోగం జరిగింది ఆ గదిలోనే. మాటలు రాని పిల్లలు తమకు కావలసిన వస్తువు బొమ్మ తీసి ఇస్తే, పెద్దవాళ్లు ఆ వస్తువు ఇస్తారు. మంచి పద్ధతే. కానీ కార్డుల పుస్తకం ఎలా ఉండాలో సంఘం తేల్చాల్సి వచ్చింది. అధ్యక్షుడు గారు తలా ఒక పుస్తకం పంచి, సమావేశం అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదన్నారు.

కోశాధికారి గారు టీ బొమ్మ ఇచ్చి టీ తెప్పించుకున్నారు. అందులో పంచదార లేదు. చక్కెర బొమ్మ పుస్తకంలో లేదు. మళ్లీ టీ బొమ్మే ఇచ్చారు. ఇంకో కప్పు చేదు టీ వచ్చింది. ఉపాధ్యక్షుడు గారి మీద కిటికీలోంచి వానజల్లు పడుతోంది. కిటికీ బొమ్మా లేదు. నీళ్లు అని అర్థం చేసుకుంటారులే అనుకుని ఆయన బాత్రూమ్ బొమ్మ ఇచ్చారు. అధ్యక్షుడు గారు లేచి, చెయ్యి పట్టుకుని, ఆయన్ని భద్రంగా బాత్రూమ్ దాకా తీసుకెళ్లి వదిలి వచ్చారు. తడిసి ముద్దయిన ఉపాధ్యక్షుడు తిరిగొచ్చి మళ్లీ అదే బొమ్మ ఇచ్చారు. మళ్లీ అదే మర్యాద జరిగింది.

ఆ సమావేశం తర్వాత ఉపాధ్యక్షుడు గారు జలుబుతో మంచం పట్టారు. అయితే సంఘం విడుదల చేసిన కార్డుల పుస్తకంలో మొదటి పేజీలో ‘వద్దు’, ‘ఆపు’, ‘ఇది కాదు’ అనే బొమ్మలు వచ్చి చేరాయి.

అధ్యక్షుడు గారి ఇంట్లోనూ ఇదే గోల. మంచిపని చేస్తే పిల్లలకు నక్షత్రం స్టిక్కర్ ఇచ్చే పద్ధతి మీద మాట వచ్చినప్పుడు ఆయన వంటగది తలుపుకు తన పేరుతో ఒక చార్టు అతికించుకున్నారు. ఆరేసిన బట్టలు మడతపెడితే ఒక నక్షత్రం, గిన్నెలు తుడిస్తే ఒకటి. చార్టు నిండితే భార్య సినిమాకు తీసుకెళ్లాలి. నిండబోతుండగా ఆయన గ్యాస్ బుక్ చేయడం మరిచిపోయారు. ఆవిడ ఒళ్లు మండి నక్షత్రాలన్నీ పీకేశారు. ఆయన ఆ పూట అన్నం సరిగా తినలేదు. మర్నాడు కార్యవర్గానికి వచ్చి, పిల్లలు సంపాదించుకున్నదేదీ శిక్షగా వెనక్కి లాక్కోకూడదని తీర్మానం పెట్టించారు. ఆ తీర్మానం చదువుతున్నప్పుడు ఆయన గొంతు జీరబోయిందని కోశాధికారి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఈ మనిషితో ఎక్కువగా వేగాల్సి వచ్చింది సంఘం కార్యదర్శికి. ఆవిడ చురుకైన మనిషి. మాట పెళుసు, పని శుభ్రం. ఏ పనైనా అనుకున్న వేళకు అయిపోవాలి. చేదు టీలూ వానజల్లులూ లేకుండా ఆవిడ ఒక పెద్ద గైడు రాశారు. ఊరూరా ఆటిజం పిల్లల తరగతులు ఒకే తీరుగా నడవడానికి అది పనికొస్తుంది. సెలవులన్నీ దానికే ధారపోశారు. ఆ ఏడాది అధ్యక్షుడు గారి పదవీకాలం ముగుస్తోంది. తర్వాతి అధ్యక్ష పదవికి ఆవిడా, కోశాధికారీ పోటీలో ఉన్నారు. వార్షిక సభలో గైడు నెగ్గితే పదవి ఆవిడదే. నవ్వులపాలైతే కోశాధికారిది. ఈ సంగతి ఆవిడకు తెలుసు, కోశాధికారికి ఇంకా బాగా తెలుసు.

అందుకే ఆవిడ గైడును కార్యవర్గం ముందుకు రానివ్వకుండా, తెలివిగా నేరుగా వార్షిక సభ అజెండాలోనే పెట్టేశారు. సభలో అంతమంది మీద ప్రయోగాలు ఎలా చేస్తారని ఆవిడ ధీమా. అధ్యక్షుడు గారు అజెండా చూశారు. గైడు మొత్తం చదివారు. చాలా బాగుందని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. ఆ తర్వాత, ‘తరగతిలో కూర్చునే తీరు’ అన్న పేరా దగ్గర వేలు పెట్టి, "దీన్ని మాత్రం సభలో ఒకసారి మన మీద చేసి చూద్దామమ్మా" అన్నారు.

ఆ పేరాలో ఉన్నది ఇంతే. పాఠం మొదలుపెట్టే ముందు పిల్లవాడు చేతులు ఒళ్లో కదలకుండా పెట్టుకోవాలి. టీచరు కళ్లలోకి చూడాలి. చేతులు కదిపినా చూపు తిప్పినా పాఠం ఆపి మళ్లీ మొదటికి రావాలి. ఇందులో ప్రయోగం చేసేంత ఏముందని ఆవిడ విసుక్కుంటూ ఇంటికి వెళ్లారు.

ఎందుకైనా మంచిదని ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని, కూతురి చేతికి పేపరిచ్చి చదవమన్నారు. కూతురు కాలేజీ పిల్ల. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టే అవకాశం వస్తే ఊరుకుంటుందా?

"అమ్మా, చెయ్యి."

"ఏ చెయ్యి?"

"ఆ చెయ్యే. చెవిదుద్దు తిప్పుతున్నావు."

ఆవిడ చెయ్యి దింపారు. రెండు వాక్యాలు అయ్యేసరికి అది పెన్ను మూత దగ్గరికి పోయింది. కూతురు పెన్ను లాక్కుంటే, చెయ్యి కుర్చీ అంచు గీరడం మొదలుపెట్టింది. చివరికి పళ్లు బిగించి, చేతులు కట్టేసుకున్నట్టు కూర్చుని, కూతురి కళ్లలోకి రెప్పవేయకుండా చూశారు. కూతురు పేరా మొత్తం చదివి ప్రశ్న అడిగింది. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. కూతురు కిందపడి నవ్వింది. ఆవిడకు మాత్రం చెమటలు పట్టాయి. గైడు రాసిన మనిషే గైడు ప్రకారం కూర్చోలేకపోతోందని సభలో అందరి ముందూ తేలితే ఇంకేముంది? పేరా తీసేద్దామంటే, భయపడి తీసేసిందని కోశాధికారి ఊరంతా చాటుతారు. నిద్రలో కూడా ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకునే పడుకున్నారు.

సభ రోజు వచ్చింది. హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, ముట్టుకుంటే కీచుమనే మైకు. గైడు వంతు రాగానే అధ్యక్షుడు గారు స్వయంగా ఒక కుర్చీ మోసుకొచ్చి వేదిక మధ్యన వేశారు. తననే కూర్చోమంటారని కార్యదర్శి చేతిలోని పెన్ను బ్యాగులో దాచేశారు. ముందు వరసలో కోశాధికారి కాలు మీద కాలేసుకుని, చూడముచ్చటైన వినోదం మొదలవబోతోందన్నట్టు వెనక్కి వాలారు.

"రాసింది కార్యదర్శి గారు కాబట్టి టీచరు ఆవిడే," అన్నారు అధ్యక్షుడు గారు. "పిల్లవాణ్ణి నేను."

అని తనే వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పుస్తకం తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకోమని చెప్పి, చదవడం మొదలుపెట్టారు.

ఆయన కాలు ఊగడం మొదలైంది. తర్వాత చెయ్యి లేచి చెవి దగ్గరికి వెళ్లింది. ఆవిడ ఆపి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఆయన జేబులోంచి పెన్ను తీసి మూత తిప్పసాగారు. చూపు పోయి సీలింగ్ ఫ్యానుకు అతుక్కుంది. మళ్లీ ఆపారు. ఆయన కుర్చీ అంచు గీరారు. మళ్లీ ఆపారు. హాలు గొల్లుమంది. అంత వయసున్న మనిషి బెదిరిన పిల్లాడిలా, మందలించినప్పుడల్లా చేతులు ఒళ్లోకి లాక్కోవడం చూసి కోశాధికారి కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. పాఠం మాత్రం మొదటి వాక్యం దాటలేదు.

విసిగిపోయి ఆవిడ ఆపడం మానేసి పేరా అంతా చదివేశారు. ఆయన ఫ్యాను వైపు చూస్తూ, పెన్ను మూత తిప్పుతూ విన్నారు. ఏం చదివానని అడిగితే, పొల్లు పోకుండా అప్పజెప్పారు. ఆవిడ ఇంకో పేరా తీసుకుని, ఈసారి గట్టిగా కూర్చోమన్నారు. ఆయన బిగుసుకుపోయి కూర్చున్నారు. చేతులు కదల్లేదు, చూపు తిరగలేదు. ఆవిడ చదివి ప్రశ్న అడిగారు.

"తెలియదండీ," అన్నారాయన. "చేతులు చూసుకునే పనిలో ఉండి వినలేదు."

హాల్లో నవ్వు ఆగిపోయింది. ఇందాక నవ్విన వాళ్లందరికీ తమ తమ తరగతుల్లోని పిల్లలు గుర్తుకొచ్చినట్టున్నారు. చేతులు దింపు, చేతులు దింపు అని తాము రోజంతా ఎవరికి చెబుతున్నారో, ఆ పిల్లలకు ‘తెలియదండీ’ అని చెప్పడానికి మాటలు కూడా లేవు. ఆ సంగతి కార్యదర్శికి అందరికన్నా ముందే తట్టింది. ఆవిడ మైకును నోటి దగ్గరికి తెచ్చుకుని, ఆ పేరా తీసేస్తున్నానని చెప్పారు. దాని బదులు, ఎవరికీ దెబ్బ తగలనంత వరకు పిల్లవాడు చేతులు కదుపుకోవచ్చు, ఎటు కావాలంటే అటు చూడొచ్చు, పాఠం వచ్చిందా లేదా అన్నదే చూడాలి అని అక్కడికక్కడే చెప్పి రాయించారు. హాలు చప్పట్లతో మోగింది. గైడు నెగ్గింది. ఆ వెంటనే జరిగిన ఎన్నికలో ఆవిడా నెగ్గారు.

అందరూ భోజనాలకు వెళ్లాక ఆవిడ వరండాలో ఒక్కతే ఊపిరి పీల్చుకుంటుంటే, అధ్యక్షుడు గారి భార్య వచ్చి పక్కన కూలబడ్డారు.

"హమ్మయ్య, గండం గడిచింది. వారం నుంచి నన్ను చంపుకుతిన్నాడమ్మా మా ఆయన."

ఏం చేశారని అడిగారు కార్యదర్శి.

"ఏం చేస్తాడు, కదలడం నేర్పమన్నాడు. మనిషి ఉత్త రాయి. పేపరు పట్టుకుని కూర్చుంటే పక్కన పాలు పొంగినా చెయ్యి కదపడు. అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పాను. కాలు వస్తే చెయ్యి రాదు, చెయ్యి వస్తే కాలు ఆగిపోతుంది. చివరికి మీ పద్ధతిలోనే ముక్కలు ముక్కలుగా నేర్పాల్సొచ్చింది."

 ఇన్నేళ్ల సమావేశాల్లో ఆయన బల్ల మీద చేతులు పెట్టుకుని ఎంత కదలకుండా కూర్చునేవారో కార్యదర్శి ఒక్కసారీ గమనించలేదు. ఎలా గమనిస్తారు, అప్పుడంతా ఆవిడ చూపు తన పెన్ను మూత మీదే ఉండేది. పెన్ను మూత, చెవి, కుర్చీ అంచు. వేదిక మీద ఆయన చేసినవన్నీ ఎవరి చేష్టలో అప్పుడు తెలిసింది. హాల్లో ఇంకెవరికీ తెలియనందుకు ఆవిడ బతికిపోయారు.

అంతలో ఆయనే ప్లేటు పట్టుకుని వచ్చారు. కార్యదర్శి సూటిగా అనేశారు.

"మీరు నాలాగా నటించారు. సభను మోసం చేశారు సార్."

"చేశానమ్మా," అన్నారాయన, కొంచెం సిగ్గుపడుతూ. "మిమ్మల్ని కూర్చోబెడితే ప్రయోగం నిజంగా జరిగేది. కానీ ఆ నవ్వంతా మీ మీద పడేది. పదవి దిగిపోయేవాణ్ణి, నా మీద పడితే ఏం?"

ఆవిడకు కళ్లు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది. ఆయన కూర్చోవడానికి కుర్చీ జరిపారు. ఆయన కూర్చున్నారు. కూర్చోగానే కాలు ఊగడం మొదలైంది. ప్లేటులోని చెంచా గలగలమంటోంది.

"అదిగో చూశావా," అన్నారు భార్య. "ఇదీ వరస. నేర్పడమైతే నేర్పాను, ఇప్పుడు ఆగడం లేదు. మంచం కూడా ఊగుతోంది. ఇంతమంది ఉన్నారు మీ సంఘంలో, దీన్ని మాన్పించే వాళ్లెవరైనా ఉంటే చెప్పమ్మా."

కొత్త అధ్యక్షురాలు ఆ కాలు వైపు కాసేపు శ్రద్ధగా, వృత్తిధర్మంగా చూశారు.

"ఎవరికీ దెబ్బ తగలడం లేదుగా అక్కయ్యా," అన్నారు. "ఊపుకోనివ్వండి."

అని తన కుర్చీ కూడా దగ్గరకు లాక్కుని, హాయిగా చెవిదుద్దు తిప్పుకుంటూ కూర్చున్నారు.