వెనక సీటు ఖాళీగా కొలిచిన ఎత్తు

కొలతలు తీసే ముందు హఫీజ్‌పేట్ మిస్త్రీ నన్ను ఒక్కటే అడిగాడు, వెనక సీట్లో ఎంతమంది కూర్చుంటారని. రోజూ బండిలో నేనొక్కడినే అన్నాను. అబద్ధం కాదు. నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ నుంచి హైటెక్ సిటీలో ఆఫీసుకు పోయిరావడం తప్ప ఆ సెడాన్‌కు వేరే పని లేదు. కానీ ఆ రోజు నేను దాన్ని అతని దగ్గరికి తెచ్చింది ఆఫీసు కోసం కాదు. రెండు నెలల్లో చెల్లె పెండ్లి. అప్పగింతలయ్యాక ఆమెను కూకట్‌పల్లిలో అత్తగారింటికి ఆ కారులోనే తీసుకుపోవాలి.

ఆ మాట ఆమెదే. కారు కొన్న రోజు వెనక సీట్లో మొదట కూర్చున్నది తను. "నన్ను పంపేటప్పుడు గిండ్లనే పంపాలె అన్నా. వేరే బండి పెడితే నేను ఎక్క" అంది. పెండ్లి కుదిరాక నాన్న పెద్ద బండి ఒకటి కిరాయికి మాట్లాడతానంటే, ఆ మాట గుర్తుచేసి నేనే వద్దన్నాను. అంత పెండ్లిలో నేను పట్టుబట్టింది అదొక్కటే.

పూలు కట్టిన కారు ఫొటోలో ఎలా కనపడాలో నా మనసులో ఒక బొమ్మ ఉంది. కంపెనీ ఇచ్చిన ఎత్తులో చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ. నాకది ప్యాంటు పొట్టిదైనవాడిలా కనపడేది. అందుకే కాయిల్‌ఓవర్లు తెప్పించాను. షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ ఒకే వస్తువుగా వచ్చే ఈ సెట్లో ఒంటి నిండా మరలు ఉంటాయి. కింది బ్రాకెట్‌ను ఒక చుట్టు తిప్పితే కారు రెండు మిల్లీమీటర్లు దిగుతుంది.

కొలత చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా తీయాలి. నేల నుంచి తీస్తే టైరులో గాలిని బట్టి లెక్క మారుతుంది. పాత ఎత్తు మూడువందల ఎనభై రెండు మిల్లీమీటర్లు. నేను అడిగింది మూడువందల నలభై ఎనిమిది. మిస్త్రీ నీళ్ల గొట్టం పట్టి నేల సమంగా ఉందో లేదో చూశాడు, పానాతో ఒక్కో మూలా తిప్పాడు, నేను టేపు పట్టుకున్నాను. నాలుగు మూలలూ ఒక మిల్లీమీటరు తేడాలోకి వచ్చేదాకా అతన్ని వదల్లేదు. వారం నడిపి, స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ తెచ్చి కొలిపించాను.

ఆ రెండోసారి పెండ్లి సంగతి చెప్పాను. అతను పానా కింద పెట్టాడు. "అయితే గిట్ల కాదు సార్. ఎంతమంది పోతరో అంతమందిని ఒకరోజు తీస్కరా. కూసోబెట్టి చూద్దం. ఖాళీ బండి అబద్ధం చెప్తది."

పెండ్లి పనుల్లో మునిగిన ఇంటిని గ్యారేజీకి తీసుకురావడమేమిటని నవ్వాను. లెక్క కట్టుకుంటానన్నాను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. భారం పెరిగితే ఏది ఎక్కడ కూలుతుందో ముందే పట్టుకోవడానికే నాకు జీతమిస్తారు.

లెక్క ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. నేను అరవై ఎనిమిది కిలోలు. చెల్లె యాభై రెండు. కాబోయే బావ డెబ్భై నాలుగు. తోడుగా వచ్చే మేనత్తను బరువెంతని అడిగితే "నీ కారు నన్ను మొయ్యదా ఏందిరా" అంది, అరవై రాసుకున్నాను. ఇంత బరువుకు స్ప్రింగులు దిగేది ఇరవై రెండు మిల్లీమీటర్లు. అప్పుడు నేలకూ కారు పొట్టకూ మధ్య మిగిలేది నూటతొమ్మిది. ఒక ఆదివారం పొద్దున ఫంక్షన్ హాలు నుంచి బావ వాళ్ల వీధి దాకా పోయి దారిలో ఉన్న ఏడు స్పీడ్ బ్రేకర్లనూ కొలిచాను. అన్నిటికంటే ఎత్తైనది ఏడోది, వాళ్ల కాలనీ మలుపు దగ్గరిది, తొంభై ఐదు. పద్నాలుగు మిల్లీమీటర్లు మిగులుతాయి. చాలు అనుకున్నాను.

పెండ్లి పొద్దటి ముహూర్తానికి బాగానే అయింది. ఫొటోలూ వచ్చాయి. కారు ఎలా కనపడాలనుకున్నానో అచ్చం అలాగే కనపడింది.

నేను కారు పక్కన నిలబడి ఫొటో దిగుతున్నప్పుడే వెనక డిక్కీ నింపుతున్నారు. సారె. రెండు ఇత్తడి బిందెలు, స్టీలు గంగాళం, సకినాల డబ్బాలు, గరిజెల డబ్బాలు, లడ్డూల డబ్బాలు, పిన్ని కానుకగా ఇచ్చిన రుబ్బే గ్రైండరు దాని రాయితో సహా. ఇంట్లో నెల రోజులుగా ఆ డబ్బాల మధ్యే తిరిగాను. రాత్రుళ్లు సకినాలు చుడుతుంటే పక్కన కూర్చుని తిన్నాను. నా జాబితాలో మాత్రం సారె లేదు.

అమ్మ చెల్లెకు ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం చీర కొంగులో మూటగా పట్టుకుని, అత్తగారి గడప దాటేదాకా దించకుండా తను అలాగే కూర్చోవాలి. కారు కదిలింది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర సైలెన్సర్ గొట్టం గీసుకున్న చప్పుడైంది. రెండోదాన్ని వంకరగా, ఒక్కో చక్రం చొప్పున దాటించాను. ముందు సీట్లో మేనత్త దేవుణ్ని తలుచుకోవడం మొదలుపెట్టింది. వెనక చెల్లె నవ్వుతూ బావకు నా గురించి ఏదో చెబుతోంది. ఏడోదాని దగ్గర ముందు చక్రాలు దాటాయి. పొట్ట దాని మీద కూర్చుండిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలదు.

బావ దిగాడు. అత్త దిగింది. నేనూ దిగి తోశాను. వెనకాల మగపెండ్లివాళ్ల బండ్లు వరుసగా ఆగాయి. బావగారి మేనమామ పెద్ద బండిలోంచి దిగి తీరిగ్గా వచ్చి కిందికి వంగి చూశాడు.

"ఏంటి బాబూ, బండి ఇక్కడే కాపురం పెట్టేసిందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డిక్కీ ఖాళీ చేస్తే లేస్తుందని చెప్పాను. అత్త ఒప్పుకోలేదు. సారె అత్తగారి గడపలో దించాలి గానీ నడిరోడ్డు మీద దించుతారా అంది. వాళ్ల బండ్లలోకి మార్చుదామంటే మేనమామ గడియారం చూసుకున్నాడు.

"ఇన్ని సామాన్లు మార్చేసరికి దుర్ముహూర్తం వచ్చేస్తుందండి. అమ్మాయిని మా బండి ఎక్కించేయండి, సరిపోతుంది."

సారె దించకూడదు, పెండ్లికూతురు దిగొచ్చు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. చెల్లె మాత్రం దిగలేదు. ఒడి రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి నన్నే చూసింది.

"అన్నా, నేను దిగాల్నా?"

దిగకు అంటే తను దిగేది కాదు. పది నిమిషాలిస్తే జాకీ పెట్టి, చక్రాల కింద రాళ్లు వేసి దాటించేవాణ్ని. ఆ సంగతి నాకు తెలుసు. అప్పటికే అంతమంది చూస్తున్నారు.

"దిగు," అన్నాను.

తను వంగి దిగుతుంటే కొంగు జారి గుప్పెడు బియ్యం రోడ్డు మీద పడ్డాయి. అత్త గబగబా ఏరింది, అన్నీ దొరకలేదు. చెల్లె దిగగానే వెనక మడ్‌గార్డు కొద్దిగా పైకి లేవడం చూశాను. బావ ఒక తోపు తోస్తే కారు దాటింది. వాళ్లు ముందు పోయారు. నేను సారె వేసుకుని వెనక పోయాను. నేను చేరేసరికి తను గడప దాటడం అయిపోయింది. బిందెలూ డబ్బాలూ లోపల పెట్టి వచ్చాను. గ్రైండరు బరువు చూసి అక్కడి ఆడవాళ్లు మెచ్చుకున్నారు.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండు వైపుల బంధువులకూ అది చెప్పుకుని నవ్వుకునే ముచ్చట అయిపోయింది. నాన్న మాత్రం ఆ ముచ్చట వచ్చినప్పుడల్లా లేచి పక్క గదిలోకి పోతాడు.

తర్వాతి వారం మిస్త్రీ దగ్గరికి పోయాను. ఏమైందని అడగలేదు, కింద గీతలు చూశాడు కదా. పక్క దుకాణాల నుంచి ముగ్గురిని పిలుచుకొచ్చి కూర్చోబెట్టాడు, డిక్కీలో పాత గేరుబాక్సులు వేశాడు, అప్పుడు కొలిచాడు. పదిహేను చుట్లు పైకి తిప్పాడు. గంటన్నర పట్టింది.

ఆషాఢానికి చెల్లె ఇంటికి వచ్చింది, క్యాబ్‌లో. నెల అయ్యాక నేను దింపుతానన్నాను. కారు ఎత్తు పెంచాననీ, అయిదుగురు కూర్చున్నా, సామాను నిండా పెట్టినా తగలదనీ చెప్పాను. కొలతలు కూడా చెప్పబోయాను.

"వద్దులే అన్నా, ఆయన వస్తుండు," అంది. కోపంగా కాదు. ఏ బండి ఎక్కాలో ఇక తను ఆలోచించుకునే విషయం కాదన్నట్టు.

బావ వచ్చాడు, వాళ్ల మేనమామ పెద్ద బండిలో. బ్యాగు అందించాను. వాళ్లు పోయాక పార్కింగ్‌లోకి దిగి, అలవాటుగా టేపు తీసి కారు వెనక చక్రం దగ్గర పెట్టాను. మూడువందల డెబ్భై ఎనిమిది. లోపల ఎవరూ లేరు.