వదులు చేసిన ఎడమ చంక

మీ చంకను మీరు చివరిసారి ఎప్పుడు తడిమి చూసుకున్నారు? ముఖం చిట్లించకండి. దేవుడు చేసిన దేహంలో చెప్పుకోరాని చోటంటూ లేదు. ఉందనుకున్నందుకే మా పిన్ని పోయిన ఆదివారం కన్నుమూసింది. బాన్సువాడలోని మా చర్చి సంఘం స్త్రీలు ఆమె కుట్టిన జాకెట్లు వేసుకునే ఆమె సమాధి చుట్టూ నిలబడ్డారు.

పిన్ని ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బతికింది. బిగుతుగా కుట్టమని ఆడపిల్లలు ఎంత పోరినా చంక దగ్గర మాత్రం వదులు ఉంచేది. "చంక బిగిస్తే చెయ్యి లేవది. చెయ్యి లేవకుంటే స్తోత్రం ఎట్ల చేస్తవే?" అనేది. చెమటకు ఒరుసుకుని పొక్కినవాళ్లకు నూలు అస్తరు వేసేది, ఒళ్లు బాగా ఆరాకే తొడుక్కోమనేది. గొరిగిన చోట సెగ్గడ్డ లేస్తే పిండొద్దని కసిరేది. ఇంట్లో ఎవరికీ చెప్పని బాధలు కొలతలిచ్చేటప్పుడు ఆమెకు చెప్పుకునేవారు.

తన బాధ ఆమె ఎవరికీ చెప్పలేదు.

నిరుడు వరికోతలప్పుడు ఆమె ఎడమ చంకలో బిళ్ల కట్టింది. మనవైపు ఇది వింత కాదు. కాలికి ముల్లు దిగితే గజ్జల్లో, చేతికి దెబ్బ తగిలితే చంకలో బిళ్ల కడుతుందని అందరికీ తెలుసు. గుడ్డ పట్టుకునే ఎడమచేతి వేలికి సూదిపోటు ఎప్పుడూ ఉండేదే. అందుకే ఆ బిళ్లకు ఎప్పుడూ ఒక కారణం దొరుకుతూనే వచ్చింది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేసుకుంది. మా దగ్గర ప్రార్థన అడిగినప్పుడు మాత్రం భుజం లాగుతోందని అంది. సంఘమంతా మోకరించి భుజం కోసం ప్రార్థించాం.

పక్కింటి ముస్లిం ఆమెను మేం ఖాలా అంటాం. పైఅరలో గుడ్డ అందుకోబోయి పిన్ని చెయ్యి సగంలోనే ఆగిపోవడం మొదట చూసింది ఆమే. ఆ రోజు జరిగిన మాటలు సమాధి దగ్గర్నుంచి వచ్చాక మాకు చెప్పింది.

"ఏందక్కా, చెయ్యి లేస్తలేదా?"

"సూది గుచ్చుకున్నది, బిళ్ల కట్టింది. గదే పోతది తియ్."

"గా పోటు దసరాకు ముందటిది. ఎప్పుడో మానింది."

"మొన్న ఇంకోటి గుచ్చుకున్నది గదా. గీ పనిల సూదులకు తక్కువా చెల్లే?"

"ఊరందరి చంకలు చూస్తవు, నీది చూసేదెవరు? నడువ్, దవాఖానకు పోదాం."

"మగ డాక్టర్ ఉంటడేమో, సిగ్గయితది. క్రిస్మస్ జాకెట్లు అయినంక పోదాం."

క్రిస్మస్ అయిపోయింది. ఈస్టర్ జాకెట్లు వచ్చాయి. చివరికి ఖాలాయే చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అక్కడ ఉన్నది ఆడ డాక్టరే.

తర్వాత మేం వెళ్తే ఆ డాక్టరమ్మ మాకు నెమ్మదిగా వివరించింది. చంక లోపల చిక్కుడు గింజకన్నా చిన్న గ్రంథులు ఉంటాయట. చేతి నుంచి, రొమ్ము నుంచి వచ్చే చెడును అవి పట్టి ఆపుతాయట. "పుండు వల్ల ఉబ్బితే ముట్టుకుంటే నొప్పి ఉంటుంది, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. అన్ని బిళ్లలూ క్యాన్సర్ కావు. కానీ ఇది తగ్గలేదు, నొప్పి లేకుండానే గట్టిపడింది. రొమ్ములో మొదలై ఇక్కడికి చేరింది" అంది. హైదరాబాదు తీసుకెళ్లాం. అప్పటికే అది ఎముకల్లోకి పోయింది.

ప్రార్థించాం కదా, ఇక చూపించుకోవడమెందుకు అనేవాళ్లు ఉన్నారు. లేఖనం తెరవండి. కుష్ఠు పోయి శుద్ధుడైనవాణ్ణి కూడా ప్రభువు వెళ్లి యాజకుడికి కనబరచుకోమన్నాడు. ఆ రోజుల్లో ఒంటిమీది మచ్చను చూసి రోగమో కాదో చెప్పేవాడు యాజకుడే. స్వస్థపరచిన నోరే చూపించుకోమని కూడా చెప్పింది.

పిన్ని ఆదివారాలు వేసుకునే తెల్ల జాకెట్టు ఇంకా మిషన్ పక్కనే వేలాడుతోంది. ఎడమ చంక కుట్టు విప్పి వదులు చేసుకుంది. మళ్లీ విప్పింది. పాత కుట్లు పోయినా సూది రంధ్రాలు వరసలుగా కనిపిస్తున్నాయి. ఇక వదలడానికి లోపల గుడ్డ మిగల్లేదు.

అక్కలారా, అన్నలారా, ఈ రోజు స్నానం చేసేటప్పుడు ఒక చెయ్యి కాస్త పైకెత్తి, రెండో చేతివేళ్లతో చంక లోతు దాకా తడమండి. రొమ్మునూ తడమండి. తగ్గని బిళ్ల తగిలితే దానికి కారణం వెతకొద్దు, పట్టు వేయొద్దు, పండగ దాకా ఆగొద్దు. చెప్పులేసుకుని దవాఖానకు నడవండి. ఈ రోజే.