కసిల్దా వదిన మెలకువ

మా అన్న పేరు వాల్తేర్, ఎల్ ఆల్తో నగరంలో మినీబస్సు నడుపుతాడు. మా వదిన కసిల్దా తలుపు దగ్గర నిలబడి "సేహా! పెరెస్! ప్రాదో!" అంటూ స్టాపుల పేర్లు అరుస్తుంది. ఆ గొంతు తెలియనివాళ్లు మా పేటలో లేరు.

పిత్తాశయంలో రాళ్లని ఆమెకు ఆపరేషన్ చేశారు. మత్తు ఎక్కింది గానీ మధ్యలో మెలకువ వచ్చేసింది. రెప్ప ఎత్తబోతే లేవలేదు. అరవబోతే నాలుక కదల్లేదు. ఊపిరి కూడా తనది కాదు, గొంతులోని గొట్టంది. పొట్టలో కత్తి తిరుగుతుంటే ఒళ్లంతా మంట.

"ఆ గోల్‌కీపరు నిన్న నిద్రపోయాడేంట్రా!" అని సర్జన్ అంటున్నాడు. ఎవరో నవ్వారు.

'నేను వింటున్నా, ఆపండి' అని వదిన లోలోపలే కేకలు పెట్టింది. చిటికెన వేలు కదిలినా చాలనుకుంది. చావంటే ఇదేనేమో అనుకుంది.

చివరికి మత్తు డాక్టరు నినోస్కా చూసింది. గుండె పరుగెడుతోంది, కళ్లకు అంటించిన పట్టీ కింద తడి. "ఆగండి, ఆగండి!" అని అరిచింది. ఆ తర్వాత వదినకు ఏమీ తెలియదు.

స్పృహ వచ్చాక చెబితే, "కలగన్నావులేవే" అన్నాడు అన్న.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. "కసిల్దమ్మా, నువ్వు మేలుకున్నావు కదూ?"

"ఎంత అరిచానో డాక్టరమ్మా!"

"తప్పు నాదే. మెదడును నిద్రపుచ్చే మందు అయిపోయింది, నేను చూసుకోలేదు. ఒంటిని కదలనివ్వని మందు వేరే. అది నరం కండను కలిసే చోట పనిచేస్తుంది, మెదడు జోలికి పోదు. అదొక్కటే పనిచేస్తూ ఉండిపోయింది."

"అంటే నన్ను కట్టేసి, నిద్రపుచ్చడం మర్చిపోయారు."



ఏడాది తిరిగేసరికి కుట్ల దగ్గర పేగు ఉబ్బింది. మళ్లీ కొయ్యాలన్నారు. "చస్తే చస్తాను, అక్కడికి మాత్రం రాను" అంది వదిన. ఆ మాట విని నినోస్కా ఇంటికే వచ్చింది.

"ఈసారి ఒక చెయ్యి నీకు వదిలేస్తా. మోచేతికి పైన రక్తం పారకుండా పట్టీ బిగించి, ఆ తర్వాతే కండల మందు ఎక్కిస్తా. అరచేతిదాకా అది పోదు. మెలకువ వస్తే నా వేళ్లు నొక్కు."

"నొక్కితే విరుగుతాయి, చూసుకో."

"విరగ్గొట్టు తల్లీ."

వదిన వెళ్లింది. కళ్లు తెరవగానే, "నొక్కానా?" అని అడిగింది.

"లేదు. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నా, నువ్వు పలకలేదు."

వదిన తన చేతిని తిప్పి తిప్పి చూసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కడుపు మానింది, మళ్లీ బస్సెక్కింది. కానీ ఇప్పటికీ వెల్లకిలా పడుకోదు. గోడకు చేరగిలబడి, దుప్పటి లోంచి చేతులు బయట పెట్టుకునే నిద్రపోతుంది.