జయక్కను వదిలి వచ్చిన మూల

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. నెల్లితోపు జయక్క పోయిందని.

రెండుసార్లు చెప్పించుకున్నాను. ఫోన్ పెట్టేశాక మొదట నోట్లోంచి వచ్చిన మాట, "ఇంకా బయటికి తీసుకురాలేదే" అని. మా అమ్మాయి నన్ను వింతగా చూసింది.

నాకు ఫోన్‌లో టైప్ చేయడం రాదు. కాగితం మీద రాస్తే అమ్మాయి ఫోటో తీసి పెడుతోంది. ఐదో క్లాసు చదువు. దస్తూరి బాగుండదు, తప్పులుంటాయి. మన్నించండి.

నేను యానాం నుంచి కొత్త పెళ్లికూతురిగా నెల్లితోపు వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. పక్కింటి జయక్కే గోడ మీద నుంచి పిలిచింది. నెల్లితోపూ యానాంలాగే ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోది. వాళ్ల నాన్న ఫ్రెంచి మిలిటరీలో చేసి రిటైరైన మనిషి. అన్న ఫ్రాన్స్‌లోనే ఉండేవాడు. ఎనభైల్లో ఒకసారి సెలవుకి వస్తూ టీవీకి తగిలించే చిన్న కంప్యూటర్ తెచ్చి, ఇక్కడే వదిలి వెళ్లాడు.

దాంతోపాటు ఒక ఆట. క్యాసెట్‌లో వచ్చేది.

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారని ఇప్పుడు అమ్మాయి చెబుతోంది. మాకు అది సొరంగం, అంతే.

మధ్యాహ్నం ఊరంతా తలుపులు వేసుకుని పడుకునే వేళ, ఎంబ్రాయిడరీ నేర్చుకుంటానని మా అత్తగారికి చెప్పి వెళ్లేదాన్ని. అక్క కిటికీలు మూసేది. క్యాసెట్ తిరిగినంతసేపూ టీవీలోంచి కీచుమని ఒకటే అరుపు. తర్వాత నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలతో గోడలు లేచేవి.

ముగ్గురు మనుషులకు పేర్లు పెట్టమంది ఆట. ఒకరు జయ. ఒకరు యానాం, అంటే నేను. ఇనప గద మోసే ఆమెకు అక్క మా అత్తగారి పేరు పెట్టింది. నవ్వలేక చచ్చాను.

తెర మీద వచ్చేదంతా ఫ్రెంచి. అక్క చదివి నాకు చెప్పేది. దారి గుర్తుంచుకోవడం మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు. అందుకని నేను సుద్దముక్క తీసుకుని గచ్చు మీద చుక్కలు పెట్టాను. ఒక అడుగుకి ఒక చుక్క. చుక్కల చుట్టూ గీత తిప్పితే గోడలు. ముగ్గు వచ్చినవాళ్లకి అదేం కష్టం కాదు.

"మెలిక ముగ్గులో గీత యాడో ఒకచోట కలవాల కదమ్మే" అంది అక్క.

దీన్ని కలిపేస్తే మనం లోపలే ఉండిపోతాం అన్నాను. అక్క నవ్వలేదు.

మగవాళ్లు వచ్చేలోపు గచ్చు తుడిచేసేవాళ్లం. మర్నాడు మళ్లీ మొదటి నుంచి గీసేదాన్ని. అలా ఆ సొరంగమంతా నా చేతికి వచ్చేసింది.

ఆఖరి మధ్యాహ్నం తప్ప.

ఆ రోజు కొత్త దారిలో చాలా లోతుకు పోయాం. ఒక మూలలో ఆటలోని జయ విషం ఎక్కి పడిపోయింది. మోసుకుపోతే మిగతా ఇద్దరూ దక్కరు. వదిలేస్తారా అని తెర అడిగిందట. అక్క ఒక్క క్షణం చూసి మీట నొక్కేసింది. మీరు వచ్చేదాకా ఆమె ఇక్కడే ఉంటుంది అని వచ్చిందట.

"నేను యాడికి పోతాను, ఆడనే ఉంటాను లే. రేపు వచ్చి పిల్చుకోని పో" అని, ఆట ఆగిన చోటుని క్యాసెట్‌లోకి ఎక్కించింది.

మర్నాడు ఆన్ చేయగానే కరెంటు ఒక్కసారిగా ఎక్కువైంది. కంప్యూటర్ లోంచి పొగ. తట్టాంచావడిలో ఒక షాపులో చూపిస్తే, దీని సామాన్లు ఇక్కడ దొరకవన్నారు. వాళ్లన్న మళ్లీ అలాంటిది తేలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక రోజు అక్క ఆ క్యాసెట్‌ని పాటలు వినే టేప్ రికార్డర్‌లో పెట్టింది. అదే కీచు అరుపు.

"విను. నేను ఇందులోనే ఉండాను" అంది.

తమాషాకే అన్నదేమో. నేను మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా అదే ప్రశ్న. దారి మరిచిపోయావా అని. లేదక్కా అనేదాన్ని.

పోయిన వారం అక్కని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాను. ఎవర్నీ గుర్తుపట్టడం లేదు. ఏందేందో పలవరిస్తా ఉండాదని కోడలు చెప్పింది. దగ్గరికి వెళ్లి విన్నాను. ఎడమ, ఎడమ, గోడ. మళ్లీ ఎడమ, గోడ.

పలవరింత కాదు. అక్క నడుస్తోంది.

"దీపం ఆరిపోతా ఉండాది, యానాం పిల్లా. యాడుండావు?"

ఆమె అరచేతిలో వేలితో గీస్తూ దారి చెప్పడం మొదలుపెట్టాను. కానీ ఆ మూల నుంచి మొదటి మలుపు ఎటో నాకు రాలేదు. ఒక్కసారే గీసిన చోటు. నర్సు టైమైపోయిందని లేపేసింది.

చావింటి ముందు ముగ్గు పెట్టరు. అందుకని ఈ రోజు తెల్లవారుజామున, ఇప్పుడు మేముండే అరియాంకుప్పంలో మా వాకిట్లో బియ్యప్పిండితో చుక్కలు పెట్టాను. మామూలు ముగ్గే వేద్దామనుకున్నాను. చెయ్యి వినలేదు. ఒక్కో గోడా లేచింది. ఆ మూల దగ్గరికి వచ్చాక ఆగలేదు కూడా. కుడికి తిరిగింది.

కుడికి.

వీధి వైపు గీత కలపకుండా వదిలేశాను.

కాఫీ తాగి వచ్చేసరికి ఆ మూల నుంచి చీమలు బారుగా వస్తున్నాయి. చీమలు పిండి కోసం కదా వస్తాయి. ఇవి పిండిని ముట్టలేదు. గీతల మధ్య ఖాళీ దారి వెంట, ప్రతి మలుపూ తిరిగి, తెరిచి ఉంచిన చోట నుంచి వీధిలోకి వెళ్లిపోయాయి. ఆఖరి చీమ దాటేదాకా గడపలో కూర్చున్నాను.

తర్వాత నీళ్లు తెచ్చి వాకిలి కడిగేశాను.

అక్కకి తెలుగు చదవడం రాదు. ఇది మీ కోసమే రాశాను. అప్పట్లో గచ్చు తుడిచేసినట్టే, ఫోటో తీశాక కాగితం కాల్చేయమని అమ్మాయికి చెప్పాను.

వెళ్లిరా జయక్కా. ఇక వెలుతుర్లో హాయిగా ఉండు.