రాతి మీద గాసిప్

టీ చల్లారకముందే తాగేయండి. మొన్న ఆదివారం ఆళ్లగడ్డలో నేను చేసిన నిర్వాకం వింటూ తాగితే పొరబోవడం ఖాయం. పలక మీద తప్పు రాస్తే తడిగుడ్డతో తుడుస్తాం. పెన్సిల్ తప్పుకు రబ్బరుంది. పెన్ను తప్పుకు వైట్‌నర్ ఉంది. నేను చేసిన తప్పు నల్లరాతి మీద ఉలితో చెక్కించినది! దానికి నంద్యాల స్టేషనరీ షాపుల్లో మందేమీ లేదు. అడిగే వచ్చాను.

ముందు సందర్భం చెప్తాను. సందర్భం చెప్పకుండా పాఠంలోకి దిగితే నాకు తోచదు.

మా కోడలు సునీతది ఆళ్లగడ్డ. వాళ్ళమ్మ దీనమ్మ, అంటే నా వియ్యపురాలు, మనసున్న మనిషి. మాట మాత్రం కుండ బద్దలే. పెళ్లి విందులో ఆమె "నంద్యాలోళ్ళ బిర్యానీలో మాంసం ఏరుకోవల్ల" అన్నదని ఎవరో మా ఆడపడుచు చెవిన వేశారు. మా ఆడపడుచు ఊరుకునే రకమా? "ఆళ్లగడ్డామెకు మాటలు మోసేదే పని" అని పదిమందిలో అనేసింది. ఆ మాట మూడు చక్రాల ఆటో కన్నా ముందే ఆళ్లగడ్డ చేరింది. దీనమ్మ వదిన ఒకటే మాట అంది: "నన్ను మాటలు మోసేదాన్నంటారా? ఇంక నంద్యాల గడప తొక్కితే అడుగు."

తొక్కలేదు. మనవరాలు పుట్టినా తొక్కలేదు. మధ్యలో నలిగింది సునీత. ఇంట్లో నాతో ఒక మాట, అమ్మతో ఒక ఫోను. ఒకరోజు పాపను ఒళ్ళో వేసుకుని, "అత్తమ్మా, పాప బాప్తిస్మం రోజన్నా మీరిద్దరూ ఒక బల్ల మీద అన్నం తింటే నాకు చాలు. ఇంకేమీ అడగను" అంది. కళ్ళల్లో నీళ్ళు.

నేను అప్పుడే తీర్మానించుకున్నాను. పాపకు జ్ఞానతల్లిగా దీనమ్మ వదిననే నిలబెట్టాలి, ఆమె మా గడప తొక్కదు గనక బాప్తిస్మం ఆళ్లగడ్డ చర్చిలోనే పెట్టాలి. జ్ఞానతల్లి అంటే తెలుసు కదా? బాప్తిస్మం వేళ బిడ్డ తరఫున నిలబడి, "ఈ బిడ్డ మంచిచెడ్డలు నేను చూస్తాను" అని దేవుని ముందు మాటిచ్చే ఆమె. కబురు పంపితే దీనమ్మ కూతుర్ని మళ్ళీ మళ్ళీ అడిగిందట: "నన్నేనా? ప్రమీల వదిన నోటితోనే చెప్పిందా?" అని. గొంతు మెత్తబడింది అత్తమ్మా అని సునీత సంబరం!

అక్కడితో ఆగి ఉంటే నేను తెలివైనదాన్ని అయ్యుండేదాన్ని.

ఆగలేదు. జ్ఞానతల్లికి ఏదన్నా కానుక ఇవ్వాలి కదా? శాలువాలు మా అటక మీదే కావలసినన్ని ఉన్నాయి, రిటైర్మెంటు రోజు కప్పినవి. ఏదో కొత్తగా ఉండాలి. నా ఫోన్లో రోజూ పొద్దున్నే ఒక ఇంగ్లీషు మాట, దాని పుట్టుపూర్వోత్తరాలు వస్తాయి. ఇంగ్లీషు టీచరుగా బతికిన ప్రాణం, అది చదవనిదే కాఫీ దిగదు. ఆ రోజు వచ్చిన మాట గాసిప్.

ఇప్పుడు శ్రద్ధగా వినండి. గాడ్ అంటే దేవుడు. సిబ్ అంటే పాత ఇంగ్లీషులో చుట్టం. సిబ్లింగ్ అంటామే, దానికి తల్లివేరు. రెండూ కలిపితే గాడ్‌సిబ్. రక్తం వల్ల కాకుండా దేవుని వల్ల కలిసిన చుట్టం. ఎవరు ఆ చుట్టం? బాప్తిస్మంలో బిడ్డ తరఫున నిలబడే మనిషి! అంటే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి. ఆ గాడ్‌సిబ్ నోళ్ళల్లో నలిగి గాసిప్ అయింది.

చూశారా? దేవుని వల్ల కలిసిన చుట్టం! వియ్యపురాలికి ఇంతకన్నా గొప్ప బిరుదు ఏముంటుంది? నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మా ఆయన పేపరు దించి, "ఆ మాటకు ఇప్పుడు అర్థం వేరే కదా" అన్నారు.

"అదే కదండీ మజా! కానుక మీద గుడ్డ కప్పి ఉంచుతా. ముందు పాత అర్థం చెప్తా. అందరూ ఆహా అన్నాక గుడ్డ తీస్తా. క్లాసులో ఎట్ల చేసేదాన్నో అట్లనే."

"నువ్వు చెప్పకముందే గుడ్డ లేస్తే?"

"ఎందుకు లేస్తుంది?"

ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. ఇన్నేళ్ళ సంసారంలో ఆ పేపరు ఎత్తుకోవడం నాకు ఎన్నిసార్లు హెచ్చరికో, నేను ఒక్కసారీ చదువుకోలేదు.

ఇక కానుక దేని మీద? ఆళ్లగడ్డ అంటే రాతిపని. రోడ్డు పక్కన పొద్దస్తమానం ఉలి చప్పుడే కదా. బస్సెక్కి పోయాను. సగం చెక్కిన నంది, ముక్కు ఇంకా రాని ఆంజనేయస్వామి, వాళ్ళ మధ్య తెల్లటి రాతిపొడిలో ఆ పనాయన. కాగితం మీద రాసిచ్చాను: "మా గాసిప్ దీనమ్మ గారికి, ప్రేమతో, నంద్యాల ప్రమీల." గాసిప్ మటుకు ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నిటికన్నా పెద్దగా.

"స్పెల్లింగ్ జాగ్రత్తప్పా. ఎస్సులు రెండు" అన్నాను.

"టీచరమ్మ రాసిచ్చినాక నేను ఒక గీత కూడా మార్చనమ్మా. ఆదివారం పొద్దున్నే చర్చి కాడికి మనుషులతో పంపిస్తా" అన్నాడు.

"గుడ్డ కప్పి పంపు. నేను చెప్పేదాకా తీయొద్దు."

"ఎర్రగుడ్డ కప్పుతాలేమ్మా. కళగా ఉంటాది."

ఆ ఎర్రగుడ్డే కొంప ముంచింది!

ఆదివారం వచ్చింది. ఆ పూట విందు మా వైపుది. బిర్యానీ మాట పడి ఉన్నాం కదా, ఈసారి ఎవరూ వేలెత్తకూడదని నేను చర్చి వెనక షామియానా కిందకు పోయి, డేగిసాలో గరిటె పెట్టి ముక్కలు చూసుకుంటున్నాను. "ఇంకా మాంసం వేయప్పా, ఇంకా వేయి" అని వంటాయన ప్రాణం తీస్తున్నాను. ముందు వైపు ఏం జరుగుతోందో నాకేం తెలుసు?

ముందు వైపు అయ్యగారు వచ్చారు. మా పాస్టరయ్యగారు కాదు, ఆళ్లగడ్డ అయ్యగారు. గుమ్మం పక్కన ఎర్రగుడ్డ కప్పిన రాయి చూశారు. ఎర్రగుడ్డ కప్పిన రాయి కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? శిలాఫలకం! మా వియ్యంకుడు ఆ సంఘానికి పెద్ద. వాళ్ళ కుటుంబమే ఏదో కట్టించి ఇస్తోందనుకున్నారు పాపం. మైకు తెప్పించారు. జనాన్ని చుట్టూ నిలబెట్టారు. ప్రార్థన చేశారు. మా వియ్యంకుణ్ణి చేత్తో పిలిచి గుడ్డ తీయమన్నారు. ఆయనకూ ఏమీ తెలియదు. తీశాడు. అందరూ చప్పట్లు.

నా చేతిలో గరిటె ఉండగానే మైకులో అయ్యగారి గొంతు వినిపించింది: "మా... గా... సిప్... దీనమ్మ గారికి..."

చప్పట్లు ఆగిపోయాయి. బిర్యానీ ఉడుకుతున్న చప్పుడు కూడా నాకు వినపడింది.

గరిటెతోనే పరుగెత్తాను. ఈ మోకాళ్ళతో! వెళ్ళేసరికి దీనమ్మ వదిన రాయి ముందు నిలబడి ఉంది. కొత్త పట్టుచీర, తల్లో కనకాంబరాలు. ఆమెకు ఇంగ్లీషు రాదనుకునేరు. గాసిప్ అనే మాట రావడానికి ఇంగ్లీషు ఎందుకు? రోజూ టీవీలో, యూట్యూబులో సినిమావాళ్ళ గాసిప్‌లేగా!

నన్ను చూసింది. గట్టిగా కూడా అరవలేదు.

"నోటితో అంటే సాలదని రాయి మీద చెక్కిచ్చినావా వదినా?"

"అది కాదు వదినా..."

"నోటి మాట గాలికి పోతాది. రాయి అయితే నా మనవరాండ్ల మనవరాండ్లు సదువుకుంటారని. అంతేనా?"

"వదినా, దానికి పాత అర్థం..."

"నేను నిలబడను. నోరు మంచిగా ఉండేవాళ్ళను చూసి నిలబెట్టుకోండి."

సునీత గుమ్మంలో తెల్లగౌను వేసిన పాపను ఎత్తుకుని నా వైపు చూసింది. ఆ చూపుకు డేగిసాలో దాక్కుందామా అనిపించింది. లోపల బాప్తిస్మపు నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి, నిలబడే మనిషి గేటు దిక్కు నడుస్తోంది.

టీచరుకు గాభరా పుడితే ఏం చేస్తుంది? పాఠం చెప్తుంది. అయ్యగారి చేతిలో మైకు లాక్కున్నాను.

"అందరూ వినాలి! మాటలకు అర్థాలు మారుతుంటాయి. ఉదాహరణకు, కంపు! పాత తెలుగులో కంపు అంటే మంచి వాసన. పక్కన కన్నడంలో ఇప్పటికీ అదే అర్థం. కాబట్టి ఆ రోజుల్లో దీనమ్మ వదిన దగ్గర కంపు అంటే..."

దీనమ్మ వదిన గిర్రున తిరిగింది. "ఏందీ? గాసిప్ సాలదని కంపు కూడానా?"

చుట్టూ గొల్లుమన్నారు. వియ్యంకుడు మొహానికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. మా ఆయనకు చేతిలో పేపరు లేదు గానీ, ఉంటే ఎత్తుకునేవారే.

"ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నా!" అని అరిచి, గబగబా అసలు సంగతి చెప్పేశాను. గాడ్, సిబ్, దేవుని వల్ల కలిసిన చుట్టం, బాప్తిస్మంలో నిలబడే మనిషి. మాట మాటకూ ఆమె అడుగు నెమ్మదించింది. గేటు దగ్గర ఆగింది.

"మరి అంత మంచి మాట ఎట్ల చెడిపాయ?"

క్లాసులో ప్రశ్న అడిగే పిల్ల దొరికితే నాకు పండగే. "ఆ కాలంలో ఒకామెకు పురుడొస్తే ఈ గాసిప్‌లంతా వచ్చేవాళ్ళు వదినా. పక్కనే కూర్చుని ధైర్యం చెప్పేవాళ్ళు. గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు. రానురాను, కబుర్లు చెప్పే ఆడవాళ్ళను గాసిప్ అన్నారు. చివరికి ఆ కబుర్లనే గాసిప్ అన్నారు."

"మగోళ్ళు యాడుండిరి అప్పుడు?"

"బయట."

"బయట ఏం చేస్తాండ్రి? మాట్లాడుకోలేదా?"

"మాట్లాడుకునే ఉంటారు."

"వాళ్ళకేం పేరు పెట్టిరి?"

"ఏమీ పెట్టలేదు వదినా."

ఆడవాళ్ళ వైపు నుంచి "ఆ!" అని ఒకటే గోల. దీనమ్మ వదిన వెనక్కి వచ్చింది. రాయి ముందు నిలబడి ఆ పెద్ద అక్షరాల మీద చెయ్యి పెట్టింది.

"అంటే బిడ్డకు, తల్లికి అండగా నిలబడిన ఆడోళ్ళు వీళ్ళు. పేరు పాడు చేసింది వేరేవాళ్ళు. నా మాదిరే." కొంగు నడుముకు దోపింది. "తేమ్మే సునీతా, పాపను ఇట్ల తే. అయ్యగారూ, నీళ్ళు సల్లారిపోతాయి, రండి."

నిలబడింది. పాప తల మీద నీళ్ళు పడగానే కెవ్వుమంటే, "ఊరుకో నా తల్లీ, నీ గాసిప్ ఈడే ఉంది" అని ఊపింది. అయ్యగారికి నవ్వాగక ప్రార్థనలో ఒక వాక్యం జారిపోయింది.

విందులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. సునీత మా ఎదురుగా కూర్చుని, తను తినడం మానేసి మేం తినేది చూస్తోంది. దీనమ్మ వదిన ఒక ముద్ద తిని, "ఇంత మాంసం ఏందీ వదినా, మెతుకులు ఏరుకోవల్ల" అంది. తర్వాత మెల్లగా, "ఆ పొద్దు పెండ్లిలో నేను మాంసం తక్కువ అనలేదు. ఉప్పు తక్కువ అంటి. అంతే" అంది.

"ఉప్పు నిజంగానే తక్కువ వదినా" అన్నాను.

"అయితే మాంసం మాట పుట్టిచ్చింది ఎవరు?"

ఇక చూస్కోండి! ఎవరు పుట్టించి ఉంటారు, ఎవరి చెవిన వేసి ఉంటారు, వాళ్ళ కోడలు ఎటువంటిది, ఆ కోడలి చెల్లెలు చాగలమర్రిలో ఏం చేస్తోంది... చేతులు ఎండిపోయాయి. షామియానా విప్పుకుపోయారు. కుర్చీలు సర్దేవాళ్ళు మా రెండు కుర్చీలు మాత్రం వదిలేశారు. దేవుని చుట్టం కాస్తా ఊరి కబుర్లుగా మారడానికి ఇంగ్లీషు వాళ్ళకు వందల ఏళ్ళు పట్టింది. మేమిద్దరం ఒక మధ్యాహ్నంలో ముగించాం.

సునీత వచ్చి, "అమ్మా, అత్తమ్మా, ఇంకా మీ మాటలు అయిపోలేదా?" అని విసుక్కుంది. ఆ విసుగులో ఎంత సంతోషమో!

ఇంతటితో కథ కంచికి పోయిందనుకున్నాను. నిన్న సునీత ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. ఆళ్లగడ్డలో వాళ్ళ గుమ్మం పక్కన ఆ రాయిని సిమెంటు పెట్టి నిలబెట్టారు. నా పేరు కింద ఖాళీ జాగా మిగిలి ఉండె, అందులో దీనమ్మ వదిన ఆ పనాయనను పిలిపించి ఇంకో వరస చెక్కించింది: "రెండో గాసిప్, నంద్యాల ప్రమీల టీచర్." రెండోసారి కూడా గాసిప్ ఇంగ్లీషు అక్షరాల్లోనే, అంతే పెద్దగా!

ఉద్యోగమంతా పిల్లల స్పెల్లింగులు దిద్దినదాన్ని. కళ్ళజోడు తుడుచుకుని, ఫోటో పెద్దది చేసి, ఒక్కో అక్షరం వెతికాను. ఒక్క తప్పు దొరికినా ఆ వరస కొట్టేయమని అడగొచ్చు కదా?

దొరకలేదు. ఎస్సులు రెండూ ఉన్నాయి.